కరిసల్ నేలలో తెలుగు వలస: ‘గోపల్ల గ్రామము’ – ఒక పరిశీలనము

శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) రచించిన ఆముక్తమాల్యదకు కథాస్థలము శ్రీవిల్లిపుత్తూరు. ఆ యూరు నేడు విరుదునగర్ జిల్లాలో నున్నది. పంచకావ్యములలో నొకటిగా మనము తలదాల్చు ప్రబంధము, ఒక తమిళపు టూరి తోటలను, వానకాలమును, మాలదాసరులను వర్ణించుటకు పుట్టినది. ఆ ప్రాంతముననే, దాదాపు నాలుగున్నర శతాబ్దముల పిమ్మట, ఒక తెలుగింటి బిడ్డ తెలుగువారి వలసకథను తమిళమున వ్రాసెను. ఒకదానిలో తెలుగు రాజు తమిళ దైవకథను తెలుగు చేసెను. రెండవదానిలో తెలుగు రైతు తన యింటి కథను తమిళము చేసెను. మొదటిదానిని గూర్చి మనవారు వ్రాసిన గ్రంథములు బీరువాలు నిండియున్నవి. రెండవదానిని గూర్చి మనము పలికిన మాటలు మిక్కిలి తక్కువ. ఈ వ్యాసమున నేను పరిశీలింప దలచినది ఆ రెండవ గ్రంథమును.

దాని పేరు ‘గోపల్ల గ్రామము’. కర్త కి. రాజనారాయణన్ గారు. తమిళులు ఆప్యాయముగా ‘కి.రా.’ అందురు. వారు 1923 లో కోవిల్పట్టి దాపున నున్న ఇడైసెవల్ అను పల్లెలో కమ్మవారి యింట జన్మించిరి. బడిచదువు నడుమనే ముగిసినది. సేద్యము చేసిరి, రైతు ఉద్యమములలో పాల్గొని చెరసాల చూచిరి, ముప్పది యేండ్లు దాటిన పిమ్మట కథలు వ్రాయ మొదలిడిరి. ఈ నవల 1976 లో వెలువడినది. దానికి కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ అను నవలకు 1991 లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. పెద్ద పట్టములు లేని యీ రైతును పాండిచ్చేరి విశ్వవిద్యాలయము జానపద విజ్ఞానము బోధింప పిలిచినది. 2021 మే నెలలో పాండిచ్చేరిలో పరమపదించగా, తమిళనాడు ప్రభుత్వము ఇడైసెవల్‌లో అధికార మర్యాదలతో అంత్యక్రియలు జరిపించినది. అదే యూర, అదే 1923 లో పుట్టిన కు. అళగిరిసామి గారు ఆయనకు బాల్యమిత్రులు. వారికిని మరణానంతరము 1970 వ సంవత్సరపు అకాడమీ బహుమానము వచ్చినది. ఒక్క చిన్న పల్లె, ఒక్క యేట పుట్టిన యిద్దరు, రెండు బహుమానములు. ఆ నల్లరేగడిలో ప్రత్తి యొక్కటే పండుననుకొన్నవారు పొరబడిరి.

మన వాఙ్మయ చరిత్రలలో ‘దక్షిణాంధ్ర యుగము’ అని యొక యధ్యాయము తప్పక యుండును. నిడుదవోలు వేంకటరావుగారి వంటి పండితులు శ్రమించి ఆ వాఙ్మయమును వెలికిదెచ్చిరి. మధురలో విజయరంగ చొక్కనాథుని శ్రీరంగ మాహాత్మ్యము, సముఖము వేంకటకృష్ణప్ప నాయకుని జైమిని భారత వచనము, శేషము వేంకటపతి తారాశశాంక విజయము – వీనిని గూర్చి మన విద్యార్థులు పరీక్షలు వ్రాయుదురు. అయితే ఆ యధ్యాయము ఆస్థానముతో మొదలై యాస్థానముతోనే ముగియును. ఆ రాజుల వెంట వచ్చినవారు, వారికంటె ముందే వచ్చినవారు, మధుర నాయకరాజ్యము 1736 ప్రాంతమున అంతరించిన పిదపను అక్కడనే యుండి దున్నుకొనుచు, నేయుచు, తోలు కుట్టుచు, ఇంట తెలుగాడుచు బ్రతికినవారు ఆ యధ్యాయమున కానరారు. రాజులు పోగా తెలుగును పోయినదన్నట్లు మన చరిత్రకారులు గ్రంథమును మూసివైచిరి. ఆ మూసిన పుటకు తరువాతి పుట ‘గోపల్ల గ్రామము’. అది తమిళ లిపిలో నుండుట మన కంటికి ఆనకుండుటకు కారణము.

నవలలోని కథ తేలికగా జెప్పదగినది కాదు. ఏలయన కథ తిన్నగా సాగదు. నీటికొఱకు చెరువున దిగిన యొక యొంటరి గర్భవతిని నగలకై యొకడు చంపుటతో గ్రంథము ప్రారంభమగును. అక్కడనుండి మనము కోట్టైయార్ అను పెద్దింటివారి లోగిలికి పోవుదుము. ఆ యింట నూటముప్పది యేడేండ్లు దాటిన అవ్వ, మంగత్తాయారు, ముడుచుకొని కూర్చుండి పాతకాలమును తలచుకొనును. ఆమె చెప్పునదే వలసకథ. తెలుగుసీమలో చెన్నాదేవి యను అందగత్తెను తురక ప్రభువు కోరగా, మానమునకు వెఱచిన బంధువర్గమంతయు రాత్రికి రాత్రి ఇల్లు వాకిళ్ళు విడిచి దక్షిణమునకు పరుగెత్తి, పడరాని పాట్లు పడి, ఎవరును లేని యడవిని కాల్చి, పొలము చేసికొని, ఊరు కట్టుకొనిరి.

ఈ గాథ రచయిత కల్పన కాదు. కమ్మవారిలోను, రాజకంబళత్తు నాయకులలోను తరతరములుగా చెప్పుకొనునది. ఫ్రాన్సిస్ దొర 1906 లో ప్రకటించిన మధుర జిల్లా గెజెటీరున మెకంజీ వ్రాతప్రతుల యాధారముతో దీనిని తొట్టియ నాయకుల గాథగా చేర్చెను. తుంగభద్రకు ఉత్తరముననున్న వారు పాఱిపోవుచుండగా పొంగుచున్న యేరు అడ్డము వచ్చినది. ఇరుగట్ల నున్న కానుగ చెట్లు వంగి నడుమ కలిసికొని వంతెనయైనవి. వారు దాటినంతనే మఱల నిటారుగ నిలిచినవి. అందుచేతనే పెండ్లి పందిరికి కానుగ కొమ్మ తెచ్చుట ఆచారమైనదని చెప్పుదురు. చరిత్ర మాత్రము వేఱు దారి చూపును. పదునాలుగవ శతాబ్దమున కుమార కంపన మధురను జయించినప్పటి నుండియు, 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు పాలనకు వచ్చి పాళెములను ఏర్పఱచినప్పటి నుండియు, సేనల వెంటను, పాళెగాండ్ర వెంటను, ప్రత్తి పండు నల్లరేగడిని వెదకుకొనుచును గుంపులు గుంపులుగా జనము వచ్చిరి. ఒక్క రాత్రి వలస కాదది. మూడు శతాబ్దముల వలస.

మఱి గాథ యెందులకు ఒక్క రాత్రిని పట్టుకొన్నది? ఇచట కొంచెము దూరదేశము పోయి చూచుట మేలు. ఇరాకు దక్షిణభాగమునను, ఇరానులోని ఖూజిస్తానునను, టైగ్రిస్, కారూన్ నదుల యొడ్డున మాండియనులను ఒక చిన్న జాతి కలదు. బాప్తిస్మమిచ్చు యోహానును ప్రవక్తగా పూజింతురు. పాఱునీటిలో మునుగుట వారి మతమునకు ప్రాణము. వెండిపని, బంగారుపని వారి వృత్తులు. వారి పురాతన గ్రంథములలో ‘హరాన్ గవైతా’ అనునది యొకటి. దీనిని డ్రౌవర్ అను ఆంగ్ల విదుషి 1953 లో ప్రకటించెను. ఆ గ్రంథమున చెప్పబడిన కథ యేమనగా: శత్రువుల బాధకు తాళలేక అరువదివేల నాసోరాయులు అర్దబాన్ రాజు రాజ్యమున జొచ్చి, మాద్య పర్వతములలో శరణు పొందిరి. ఆ సంఖ్యను, ఆ రాజును గూర్చి పండితులు నేటికిని తర్కించుచునే యున్నారు. కాని మాండియనులకు అది తర్కింపవలసిన విషయము కాదు. తాము ఎవరమో చెప్పుకొనవలసి వచ్చినప్పుడు వారు చెప్పు మొదటి వాక్యమది. 2003 తరువాత ఇరాకునుండి వారిలో పెక్కుమంది నిజముగనే మఱల పాఱిపోవలసివచ్చి, స్వీడనునను ఆస్ట్రేలియాలోను తలదాచుకొనిరి. సిడ్నీ నగరపు టంచున నెపియన్ నదిలో వారు నేడు మునుగుచున్నారు. స్వీడనులోని డాల్బీలో 2018 లో కొత్త గుడి ప్రతిష్ఠించుకొనిరి. పాత గాథ కొత్త వలసకు వాకిలి మాటయైనది.

వలసవచ్చినవాడు క్రొత్తయూర మొదట ఎదుర్కొను ప్రశ్న ‘ఎందుకు వచ్చితివి?’ అనునది. ‘తరుమగా వచ్చితిమి’ అను ఉత్తరమునకు ఎదురు మాట లేదు. ‘గెలిచి వచ్చితిమి’ అనిన ఎన్ని తరములు గడచినను ఎదురు మాట యుండును. కనుకనే కోవిల్పట్టి పల్లెలలోని తెలుగు గాథ కత్తిని దాచి, కన్నీటిని చూపినదని నా యభిప్రాయము. దాచుట యబద్ధము కాదు. సేన వెంట వచ్చినవానికి సైతము వెనుక ఏదో యొక యూరు తగులబడియే యుండును. కాని విమర్శకుడు రెంటిని చూడవలెను. పాంచాలంకుఱిచ్చి, ఎట్టయాపురము మొదలగు పాళెములు కంబళత్తు నాయకులవి; వారిలో వీరపాండ్య కట్టబొమ్మన 1799 అక్టోబరు 16 న కోవిల్పట్టికి దక్షిణముననున్న కయత్తాఱులో ఉరి తీయబడెను. శరణార్థుల సంతతి రెండు మూడు వందల యేండ్లలో పాళెగాండ్రయి, పన్నులు వసూలు చేసి, తుదకు దేశమునకై ఉరికంబమెక్కినది. ఈ మూడు స్థితులును నిజములే.

రాజనారాయణన్ గారు ఈ సంగతి ఎఱుగనివారు కారు. గ్రంథమునందలి అత్యుత్తమ ఘట్టము దీనికి సాక్షి. గర్భవతిని చంపిన దొంగ పట్టుబడును. కోట్టైయార్ ఇంటి పెద్దలు ఊరిని గూడబెట్టి విచారించి వానికి కొఱతశిక్ష విధింతురు. వానిని కొఱ్ఱున వేసిన పిదప ఊరివారు వానిని చూచుట, వాని మాట వినుట, తుదకు వానినే యొక వేలుపుగా తలచుట – ఈ పుటలను చదువునప్పుడు రచయిత గొంతు ఎక్కడను హెచ్చదు. మన నవలాకారులలో పెక్కురు ఇచట మూడు పుటల వేదాంతము వ్రాసియుందురు. ఈయన ఊరక చూపి యూరకుండును. అయితే ఆ యూరకుండుటలో ఎంత యున్నది! ఒక అధ్యాయమున ప్రభువునకు వెఱచి పాఱిపోయివచ్చిన జనము, మఱియొక అధ్యాయమున ప్రాణము తీయు నధికారమును చేత బట్టి కూర్చున్నారు. అవ్వ చెప్పిన కథకును ఆమె మనుమలు చేసిన తీర్పునకును నడుమ నున్న దూరమే యీ నవల. తమిళ విమర్శకులు దీనిని నేలతల్లి కథగా, కరిసల్ సాహిత్యమునకు మూలముగా పొగడుదురు, అది యుక్తమే. మనము చదువునప్పుడు మాత్రము ఈ దూరమును విడువరాదు.

ఒక లోపమును చెప్పక తప్పదు. ‘ఎవరును లేని యడవి’ అను మాటను నవల సులువుగా నమ్మినది. దక్షిణ పాండ్యదేశమున మనుష్యుల యడుగు పడని నేల ఎంత యుండెనో సందేహమే. అడవిని కాల్చు ఘట్టము మహోజ్జ్వలముగా వ్రాయబడినది. ఆ మంటలో పాము, పక్షి, ముంగిస మాడుట కనబడును. మేకలు మేపుకొనువాని బాట ఏదైన మాసిపోయెనా యన్నది కనబడదు. వలస వచ్చిన తెలుగువారందఱును కమ్మవారును కంబళత్తారును కారు. అరుప్పుకోట దేవాంగులు మగ్గముతో వచ్చిరి. రాజపాళెము రాజులు వచ్చిరి. ఆ యూరి పి. ఎస్. కుమారస్వామిరాజా 1949 నుండి 1952 వఱకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైరి. రెడ్లు వచ్చిరి. వీరందఱితోపాటు ఇంట తెలుగాడు అరుంధతీయులును ఆ నేలపై బ్రతికిరి. మోట బావికి తోలు బాన లేనిదే నల్లరేగడి తోటకు నీరు రాదు. ఆ బానను కుట్టిన చేతులు వారివి. కోట్టైయార్ ఇంటి అవ్వకు నూటముప్పది యేడేండ్ల జ్ఞాపకము కలదు గాని, ఆ జ్ఞాపకమునకు మధ్య పెద్దింటి వాకిలియే. తోలుబాన కుట్టినవాని అవ్వ చెప్పియుండిన వలసకథ వేఱుగ నుండెడిది. ఆ కథలో చెన్నాదేవి యుండునో యుండదో! ఈ లోపము రాజనారాయణన్ గారి యొక్కరిది కాదు. మన సంఘములు ‘తెలుగువారు’ అనినప్పుడు ఎవరిని లెక్కలోనికి తెచ్చుకొనునో దానికి సంబంధించినది. అరుంధతీయుల పల్లెలలో నిలిచియున్న తెలుగు మన సభలలో ఎంత వినబడుచున్నదో సభ్యులు ఆలోచించుకొనవలెను.

ఇక భాష సంగతి. ఎట్టయాపురము కోవిల్పట్టికి సమీపముననే యున్నది. అచ్చటి జమీందారుల యండతో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అను మహాగ్రంథమును 1904 లో అచ్చటనే అచ్చొత్తించిరి. ఆ గ్రంథము తెలుగులో, తెలుగు లిపిలో వెలువడినది. ముత్తుస్వామి దీక్షితులు 1835 లో సిద్ధిపొందినదియు ఆ యూరనే. సుబ్రహ్మణ్య భారతి 1882 లో పుట్టినదియు ఆ యూరనే. ఇట్టి యూరి చుట్టునున్న పల్లెలలో తెలుగు మాటాడు రైతుబిడ్డ, ఆ తెలుగు గ్రంథపు మొదటి పుటను కూడ చదువలేకపోయెను. రాజనారాయణన్ గారికి సంగీతమన్న ప్రాణము. తెలుగు కీర్తన చెవిని పడెను. తెలుగక్షరము కంటికి రాలేదు. లిపి లేని మాతృభాష వారిది.

మాండియనుల స్థితి దీనికి సరిగా తలక్రిందు. వారికి లిపి కలదు. గింజా రబ్బా యను గొప్ప మతగ్రంథము కలదు. దానిని చదువు అర్చకులు కలరు. కాని ఇంట మాటాడు మాండియ భాష చాలకాలము క్రిందటనే అరబ్బీ, పారసీకములకు చోటిచ్చినది. అహవాజ్, ఖొర్రమ్‌షహర్ ప్రాంతముల వారిలో కొలదిమంది నోట మాత్రము మిగిలినది. వారి బిడ్డలు నేడు స్వీడిషు, ఆంగ్లములు మాటాడుచున్నారు. వారికి గ్రంథమున్నది, మాట పోయినది. విరుదునగర్ తెలుగువారికి మాట యున్నది, గ్రంథము లేదు. ఈ రెంటిలో ఏది ముందు నశించునని యడిగిన, చాలమంది మాటయే యందురు. నాలుగైదు వందల యేండ్లు అక్షరము తోడు లేక మాట నిలిచిన యీ యుదాహరణము ఆ తీర్పునకు అడ్డు వచ్చును. ఎట్లు నిలిచినది? బడి నిలుపలేదు, ప్రభుత్వము నిలుపలేదు. మేనరికము నిలిపినది. కోడలు మేనమామ యింటినుండియో మేనత్త యింటినుండియో వచ్చును; అత్తగారు పలుకు తెలుగును, కోడలు తెచ్చిన తెలుగును ఒక్కటే. పసిబిడ్డకు వంటయింట వినవచ్చునది అదే. వీధిలో, సంతలో, బడిలో తమిళము. ఈ కట్టు సడలుచున్న కొలది, పట్నమునకు పోయి ఇతరులను పెండ్లాడుచున్న కొలది, వంటయింటి భాషయు మాఱుచున్నది. దానిని తప్పని చెప్పుటకు నాకు నోరు రాదు. మేనరికమును కాపాడుడని భాషకొఱకు ఉపన్యసించువారు ఆ పడుచుల నొకమాఱు అడిగి చూతురు గాక. 2006 లో తమిళనాడు శాసనసభ బడులలో తమిళమును నిర్బంధము చేసినప్పుడు, హోసూరు వంటి సరిహద్దు తాలూకాల తెలుగు బడులకు పెద్ద చిక్కు వచ్చినది. కోవిల్పట్టి పల్లెలకు ఆ చిక్కు క్రొత్తది కాదు. వారి బడి ఆ చట్టమునకు ఎంతో ముందే తమిళపు బడి.

హోసూరు రచయితలు తెలుగున వ్రాయుచున్నారు. స. వెం. రమేశ్ గారు ప్రళయకావేరి కథలలో పులికాటు సరస్సు పల్లెల తెలుగును పుటలపై నిలిపిరి. రాజనారాయణన్ గారికి ఆ దారి లేదు. అందుచే ‘తెలుగువాడై తమిళమున వ్రాసెనేల?’ యని మనవారు కొందఱు వేయు ప్రశ్న అర్థము లేనిది. వ్రాయుటయా మానుటయా అనునదియే ఆయన ముందున్న ప్రశ్న. తెలుగా తమిళమా యన్నది కాదు. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. ఆయన తమిళము మద్రాసు పత్రికల తమిళము కాదు. కరిసల్ సేద్యగాని నోటి తమిళము. దానికి 1982 లో ఆయనయే ఒక మాండలిక నిఘంటువును కూర్చిరి. ప్రాంతీయ భాషకు పండితులు తమిళమున అట్టి గౌరవ మీయని కాలమున, ఒక తెలుగింటివాడు దానికి నిఘంటువు కట్టుట విడ్డూరముగ దోచవచ్చును. నాకట్లు తోచదు. లిపి లేని భాషను ఇంట మోసినవానికి, అచ్చుకెక్కని మాటల విలువ పుట్టుకతో తెలియును. ఆయన తెలుగుతనమును ఆ నవలలోని తెలుగు మాటలలోకంటె ఈ నిఘంటువులోనే నేను ఎక్కువగా చూచుచున్నాను.

‘గోపల్లపురత్తు మక్కళ్’ను గూర్చి రెండు మాటలు చాలును. బహుమానము దానికి వచ్చినను, మొదటిదే మేలైన గ్రంథము. రెండవదానిలో ఊరు దేశచరిత్రకు బండి యైనది. సభలు, ఊరేగింపులు, స్వాతంత్ర్యము ఒకదాని వెంట నొకటి వచ్చును. కంపెనీవారి దొరతనము పోయి రాణిగారి దొరతనము వచ్చిన దని చెవిన వేసికొన్న మొదటి నవలలోని యూరు, ఆ వార్తను తన యెద్దుల సంగతి కంటె పెద్దది చేసికొనలేదు. రెండవ నవలకు ఆ ధీమా లేదు. పిల్లల యాటలు, పెండ్లి వేడుకలు వచ్చినచోట మాత్రము పాత చేయి కనబడును.

ఈ నవలను తెలుగు చేయుటలో నొక చిక్కు కలదు. దానిని తేలికగా తీసికొనువారు గ్రంథమును పాడుచేయుదురు. కథలోని జనము తమలో తాము తెలుగే మాటాడుదురని మనకు తెలియును; పుటపై నున్నది తమిళము. తమిళ పాఠకుడు ఆ తమిళము వెనుక మఱియొక భాష గుసగుసలాడుట వినును. ఇంటి మాటకును వీధి మాటకును నడుమ గోడ యున్నదని యెఱుగును. దీనినంతయు ఏకముగా పత్రికల తెలుగులోనికి దింపిన ఆ గోడ కూలిపోవును. వలసవచ్చినవారు వలస రానివారగుదురు. గుంటూరు రైతు కథయో, అనంతపురము రైతు కథయో చదివినట్లుండును. కనుక అనువాదకుడు రెండు తెలుగులు వాడవలెను. కథ చెప్పు తెలుగు ఒకటి. అవ్వ మాటాడు తెలుగు మఱియొకటి. ఆ రెండవది కోవిల్పట్టి, సాత్తూరు, విళాత్తికుళము పల్లెలలో నేటికిని దొరకును. అచ్చట అన్నమును ‘కూడు’ అనిన చిన్నతనము లేదు. మనకు తిట్టైన మాట వారికి తల్లి వడ్డించిన మాట. ఇట్టి పదములను పనివారీగా – దుక్కి, ప్రత్తితీత, పాడి, పురుడు, పెండ్లి, చావు అను వరుసలో – డెబ్బది దాటిన స్త్రీల నోటినుండి వ్రాసి తెచ్చుట మొదటి పని. పెద్దిండ్లలోను, నేతగాండ్ర వీధులలోను, అరుంధతీయుల పల్లెలలోను వేఱువేఱుగ వ్రాసికొనవలెను. ఏలయన వారి తెలుగులును ఒక్కటి కావు. వ్రాయువారు తెలుగులిపి నెఱిగి, తమిళము వినగలవారై యుండవలెను. అట్టి యువకులు మన సంఘములలోనే పదిమందికి తక్కువ కాకుండ దొరకుదురు.